నేనొద్దంటే ఆగుతదా?

సమ్మక్క ఫొటో ఆమె చూడకముందే ఆమెను కొట్టినవాళ్ళ ఇంట్లో చూశారు. ఆ ఇంటి పిల్లాడొకడు పై చదువులకు విదేశం పోయాడు. అక్కడ దోస్తు ఎవరో పంపిన లింకు తెరిస్తే తన ఊరి పేరు కనిపించింది. పక్కన ఒక అరుగు, అరుగు మీద నుదుటికి కట్టుతో కూర్చున్న మనిషి. ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పొద్దుగూకేలోపు ఊరంతా తిరిగింది.

ఆమె అసలు పేరు సమ్మక్క కాదు. మేడారం దగ్గర కాబట్టి మా వైపు ప్రతి వాడలో ఒక సమ్మక్క ఉంటుంది, అందుకని ఆ పేరు వాడుతున్నాను. ఊరు వరంగల్‌కు గంటన్నర దూరం. అంతకంటే చెప్పను. ఎందుకు చెప్పనో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

జరిగింది చిన్న సంగతే అంటారు ఆ ఊళ్ళో ఇప్పటికీ. సద్దుల బతుకమ్మ రోజు మాదిగవాడ ఆడవాళ్ళు తమ వాడలో తాము ఆడుకుని, అందరూ పోయాక చెరువుకు పోవడం అక్కడి పద్ధతి. ఆ ఏడాది సమ్మక్క తన బిడ్డను, ఇంకో ముగ్గురిని వెంటేసుకుని పంచాయతీ ఆఫీసు ముందుకు పోయి, అందరి బతుకమ్మల నడుమ తనదీ పెట్టింది. ముందు మాటలు, తర్వాత తోపులాట, ఆ తర్వాత కర్ర. తంగేడు పూల మీద రక్తం పడిందని ఆమె బిడ్డ నాకు చెప్పింది. కట్టు కట్టించుకుని తెల్లారి పోలీస్ స్టేషన్‌కు పోయారు. రెండు రోజులు తిప్పుకుని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్‌ఐఆర్ రాశారు. మేం అట్రాసిటీ కేసు అంటాం.

నేనప్పుడు హన్మకొండలో ఒక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. నిజనిర్ధారణకు ఐదుగురం పోయాం. ఫొటో తీసింది నేనే. "కేసుకు పనికొస్తది చిన్నమ్మా" అన్నాను. ఆమె కొంగు సర్దుకుని సరిగ్గా కూర్చుంది. ఆ రాత్రి రిపోర్టు ఇంగ్లీషులోకి మార్చిందీ నేనే. అందులో ఒక గడి ఉంది: ఫొటోకు అంగీకారం తీసుకున్నారా? తీసుకున్నాం అని టిక్ పెట్టాను. మా రిపోర్టు హైదరాబాద్ ఆఫీసుకు, అక్కడి నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి ఒక విదేశీ సంఘీభావ సంస్థకు పోయింది. ఆరు నెలలకు వాళ్ళ ప్రచార పత్రం మీద సమ్మక్క ముఖం వచ్చింది.

ఆమె ఫోన్ చేసినప్పుడు నేను కాజీపేట స్టేషన్‌లో ఉన్నాను. కోపంగా ఏం మాట్లాడలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "కేసు కోసమంటివి గదా బిడ్డా. గిది ఏ దేశం కోర్టు?" అంది. కాసేపాగి, "తీసెయ్యమని చెప్పు. నేనొద్దంటే ఆగుతదా, ఆగదా?" అంది.

ఆగుతుందన్నాను. పందొమ్మిది రోజులు పట్టింది. మా సంస్థ హైదరాబాద్‌కు రాయాలి, హైదరాబాద్ ఢిల్లీకి రాయాలి, ఢిల్లీ వాళ్ళు బయటికి రాయాలి. అక్కడ ఫొటోలు చూసుకునే కమిటీ నెలకోసారి కూర్చుంటుంది. ఈ పందొమ్మిది రోజుల్లో సమ్మక్క మరిదిని ట్రాక్టర్ పనిలోంచి తీసేశారు. "దేశం పరువు తీసిన్రు" అని కులపెద్దలు, మా కులపెద్దలే, ఆమె ఇంటికొచ్చి రాజీ మాట ఎత్తారు. తర్వాత కేసులో సాక్షులు నిలబడలేదు. ఫొటో వల్లే అలా అయిందని చెప్పలేను. సాక్షులు నిలబడని అట్రాసిటీ కేసులు ఫొటోలు లేకుండా కూడా బోలెడు చూశాను. కానీ ఆ పందొమ్మిది రోజులకు ఎవరిది జవాబుదారీ అని చాలాకాలం వెతికాను. ఎవరూ దొరకలేదు. అందరూ మంచివాళ్ళే. అందరూ సారీ చెప్పారు. ఎవరి పని వాళ్ళు రూలు ప్రకారం చేశారు. ఆ రూళ్ళలో సమ్మక్కకు చోటు లేదు, అంతే.

కుల వివక్షకు వ్యతిరేకంగా దేశదేశాల సంఘాలు కలిసి నడిపే నెట్‌వర్కుల గురించి ఎవరైనా మాట్లాడితే నాకు ముందు ఆ గడీ, నేను పెట్టిన టిక్కూ గుర్తొస్తాయి.

అట్లాగని బయటివాళ్ళు మనకెందుకు అనే పాట నేను పాడను. ఆ పాట పాడేవాళ్ళు ఎవరో మా వాళ్ళకు బాగా తెలుసు. బయటికి మాట పంపడం ఈ ఉద్యమానికి కొత్త కాదు. 1930లో మొదలైన రౌండ్ టేబుల్ సమావేశాలకు అంబేడ్కర్, మద్రాసు దళిత నాయకుడు రెట్టమలై శ్రీనివాసన్ లండన్ పోయారు. 1946లో అంబేడ్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు, మీవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి నాకూ పంపమని. అడగడంలో ఆయనకు మొహమాటం లేదు. మనకూ ఉండక్కర్లేదు.

ఇంకో ముచ్చట చెప్తే మా ఆఫీసులో పిల్లలు నమ్మలేదు. 1965లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్షకు వ్యతిరేకంగా ఒడంబడిక రాసుకుంటున్నప్పుడు, వివక్ష నిర్వచనంలో 'వంశం' అనే మాట చేర్చమన్నది భారతదేశమే. 1968లో సంతకం ఖాయం చేసింది కూడా. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్ష మీద ప్రపంచ సదస్సు జరిగినప్పుడు దళిత సంఘాలు పెద్ద సంఖ్యలో పోయి, కులం సంగతి కూడా రాయండి అని అడిగాయి. కులం వేరు, జాతి వేరు, ఇది మా ఇంటి విషయం అంది మన ప్రభుత్వం. చివరి ప్రకటనలో కులం మాట రాలేదు. మరుసటి ఏడాది, 2002లో, ఆ ఒడంబడికను పర్యవేక్షించే కమిటీ 'వంశం' అంటే కులం కూడా అందులోకి వస్తుందని తేల్చి రాసింది. మనం పెట్టిన మాటే తిరిగొచ్చి మనకు తగిలింది. ఆ తగలడానికి వెనక ఏళ్ళ తరబడి కాగితాలు మోసినవాళ్ళు ఉన్నారు.

2000లో మొదలైన అంతర్జాతీయ దళిత సంఘీభావ నెట్‌వర్క్ కథ చూడండి. ఆఫీసు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో. దక్షిణాసియా దేశాల్లోని దళిత వేదికలు, యూరప్‌లోని సంఘీభావ సంఘాలు, ఇంకొన్ని అంతర్జాతీయ సంస్థలు అందులో ఉంటాయి. ఐక్యరాజ్యసమితిలో సొంత పేరు మీద మాట్లాడాలంటే సంప్రదింపుల హోదా కావాలి. 2008లో దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ దరఖాస్తులు చూసే కమిటీలో 19 దేశాలుంటాయి, ఏడాదికి రెండుసార్లు కూర్చుంటుంది. సభ్యదేశం ఒక ప్రశ్న వేస్తే చాలు, ఫైలు తర్వాతి సమావేశానికి పోతుంది. కాదనక్కర్లేదు, ప్రశ్నలు వేస్తూ పోతే సరి. భారతదేశం వేస్తూ పోయింది. హోదా దక్కింది 2022 డిసెంబరులో. కులం సర్టిఫికెట్ కోసం తహశీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకు ఈ విద్య కొత్తేం కాదు. ఎవరూ లేదనరు. ఇంకో కాగితం తెమ్మంటారు.

పద్నాలుగేళ్ళు ఒక ఫైలు వెనక నిలబడాలంటే జీతాలుండాలి, మనుషులుండాలి, మన హోంశాఖ తాళం వేయలేని చోట ఆఫీసు ఉండాలి. కాబట్టి కోపెన్‌హాగన్ ఎందుకని నేనడగను. సమ్మక్క ఫొటో వేసింది వాళ్ళు కాదు, వేరేవాళ్ళు. నా గొడవ ఆఫీసు ఎక్కడుందని కాదు. ఆపే హక్కు ఎవరి చేతిలో ఉందని.

తెలంగాణ ఉద్యమం నడిచిన రోజుల్లో మా హన్మకొండలో రిలే నిరాహార దీక్షల టెంట్లు ఎన్ని ఉండేవో లెక్కలేదు. రోజుకో సంఘం వచ్చేది. లాయర్లు, టీచర్లు, కల్లుగీత కార్మికులు, ఒకరోజు బ్యాండు మేళం వాళ్ళు. వచ్చి దండలేసి, కాసేపు కూర్చుని, మైకులో సంఘీభావం తెలిపి పోయేవారు. వాళ్ళు లేకపోతే టెంటు వెలవెలబోయేది, నిజమే. కానీ టెంటు ఎప్పుడు పీకాలో, రేపు దీక్షలో ఎవరు కూర్చోవాలో సంఘీభావం తెలపడానికి వచ్చినవాళ్ళు చెప్పేవారు కాదు. చెప్తే బాగుండదని వాళ్ళకే తెలుసు. సంఘీభావం అనే మాటకు మా ఊరి అర్థం అది. ఆ మాట విమానమెక్కి పోయాక అర్థం ఎక్కడ తప్పిపోయిందో కానీ, ఇప్పుడు దండలేసినవాళ్ళే టెంటుకు డిజైన్ కూడా ఇస్తున్నారు.

1959లో లండన్‌లో దక్షిణాఫ్రికా సరుకుల బహిష్కరణ మొదలైనప్పుడు ఇంగ్లండు వాళ్ళు కూర్చుని ఆలోచించి పెట్టలేదు. కొనకండి అని దక్షిణాఫ్రికాలోని వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమమే అడిగింది. కొనకపోతే ముందు నష్టపోయేది అక్కడి నల్లజాతి కూలీలే కదా అని కొందరన్నారు. ఆ నష్టం భరిస్తామా లేదా అన్నది మేం తేల్చుకుంటాం అన్నది ఉద్యమం జవాబు. నష్టం ఎవరిదో తీర్మానం వాళ్ళది.

మన చట్టంలో కూడా ఈ ఆలోచన ఉంది. అట్రాసిటీ చట్టానికి 2015లో సవరణ చేసి, 2016 జనవరి 26 నుంచి అమలుచేసిన 15ఏ సెక్షన్ ప్రకారం నిందితుడికి బెయిలు ఇవ్వాలన్నా బాధితుల మాట వినాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇది మొక్కుబడి కాదు, తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. వరంగల్ కోర్టులో ఒక ముసలాయన బెయిలు వాదన రోజు లేచి నిలబడి "నాకు భయమైతాంది సార్" అని నాలుగు మాటలు చెప్పడం నేను చూశాను. బెయిలు వచ్చింది, అది వేరే సంగతి. కానీ ఆయన్ని అడగకుండా రాలేదు. నిందితుడికి కూడా హక్కులుండే కోర్టులో బాధితుడికి ఈపాటి మర్యాద ఉంటే, బాధితుల కోసమే పుట్టిన నెట్‌వర్క్‌లో అంతకంటే తక్కువ ఎట్లా ఉంటుంది?

ఉంటుంది. ఎందుకంటే ఆ నెట్‌వర్కుల నియమావళుల్లో ఎక్కువగా కనిపించే మాట 'సంప్రదిస్తాం'. నేను అనువాదాలతో బతికే మనిషిని, మాటల బరువు నాకు తెలుసు. సంప్రదించడమంటే అడగడం. ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఆ మాట చెప్పదు. పిల్ల పెళ్ళికి పిల్లను సంప్రదించాం అనే తండ్రులు మా చుట్టాల్లోనే ఉన్నారు.

మరి ఎట్లా ఉండాలి అంటే, నేను మా అమ్మ పొదుపు సంఘాన్ని చూపిస్తాను. నవ్వకండి. మా అమ్మ మూడో తరగతి దాకా చదివింది. ఇరవై ఏళ్ళుగా సంఘంలో ఉంది. పన్నెండు మంది ఆడవాళ్ళు. బ్యాంకులోంచి రూపాయి తీయాలంటే తీర్మానం పుస్తకంలో తీర్మానం రాయాలి. ఎవరికి, ఎంత, ఎందుకు, ఎన్ని వాయిదాలు. చదివి వినిపించాలి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేస్తారు, అయితే విన్నాకే వేస్తారు. మొదటి లీడరు, రెండో లీడరు ఇద్దరూ పోతేనే బ్యాంకులో పని అవుతుంది. లీడర్లు కొన్నాళ్ళకు మారతారు, మారనంటే గొడవవుతుంది. ఒకసారి లీడరమ్మ తన కొడుకు ఫీజుకని తీర్మానం లేకుండా డబ్బులు అడిగితే, బ్యాంకు మేనేజరు కంటే ముందు మా అమ్మ అడ్డం పడింది. "పుస్తకంల లేనిది పైస ఎట్లిస్తరు?" అని. ఆ లీడరమ్మ మంచిదే, మా అమ్మకు వరసకు అక్క. మంచిదైనా సరే పుస్తకం పుస్తకమే.

నాకు అంతర్జాతీయ పరిపాలన గురించి తెలిసినదంతా ఇందులోనే ఉంది. నిర్ణయం ముందు రాయాలి. తెలిసే భాషలో చదివి వినిపించాలి. దాని దెబ్బ ఎవరికి తగులుతుందో వాళ్ళ సంతకం ఉండాలి. కుర్చీ మారాలి. ఇరవై ఏళ్ళుగా అదే ముఖం ఐక్యరాజ్యసమితి మీటింగులు జరిగే జెనీవాలో కనిపిస్తే, ఆయన ఎంత గొప్పవాడైనా, ఎన్ని కేసులు గెలిచినా, సంఘం చచ్చిపోయిందనే లెక్క. ఈ మాట నేనంటే కొందరు అన్నలు నొచ్చుకుంటారని తెలుసు. నొచ్చుకోనీ.

డబ్బు దగ్గరికి వద్దాం, అసలు చిక్కు అక్కడుంది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టానికి, ఎఫ్‌సీఆర్ఏ అంటాం, సవరణ తెచ్చారు. అంతకుముందు ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో పెద్ద సంస్థ ఒకటి విదేశీ నిధి తీసుకుని, అందులోంచి మండలాల్లోని చిన్న సంఘాలకు ఇంతింత పంచేది. సవరణ తర్వాత అట్లా పంచకూడదు. ఆఫీసు ఖర్చుల మీద పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఖాతా ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోనే తెరవాలి. ఇది మా దగ్గర ఏం చేసిందంటే, ములుగు, భూపాలపల్లి వైపు ఇద్దరు ముగ్గురు మనుషులతో, ఒక బీరువాతో నడిచిన సంఘాలకు నెలనెలా వచ్చే ఐదు, పదివేలు ఆగిపోయాయి. అట్రాసిటీ కేసు అయిందంటే అదే రాత్రి బండేసుకుని పోయేది వాళ్ళు. వాళ్ళు పోయి కిరాణా కొట్లు పెట్టుకున్నారు, ఒకతను హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్నాడు. మిగిలింది పైన ఉన్న ఆఫీసులు. రిపోర్టులు రాయగలవు, ఊరికి పోలేవు.

ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక, తిట్టాల్సిందే కూడా. కానీ ఒక ప్రశ్న నన్ను వదలదు. ఐదువేలు ఆగితే కూలిపోయిన ఆ సంఘాలు అంతకుముందు మాత్రం నెట్‌వర్క్‌లో సభ్యులా? కాదు. పనివాళ్ళు. నిధి అందుకున్నప్పుడు 'భాగస్వామి' అనే పేరుండేది, ఓటు ఉండేది కాదు. ఓటు ఉంటే, డబ్బు ఆగిన రోజు కూడా వాళ్ళు గదిలో ఉండేవారు. ఓటుకు రూపాయికి ముడి ఉండకూడదని నేననేది అందుకే. ఊరి సంఘం ఏడాదికి వంద రూపాయలు చందా కట్టి సభ్యత్వం తీసుకోవాలి, కోట్లు ఇచ్చే విదేశీ సంస్థ సంఘీభావ సభ్యత్వంతో ఓటు లేకుండా కూర్చోవాలి. ఇష్టం లేకపోతే ఇవ్వకపోవచ్చు. కొంత డబ్బు పోతుంది. పోనీ. ప్రచార పత్రాలు కొన్ని తగ్గుతాయి.

ఇక మా ఇంటి సంగతి. ఇది రాయకుండా పై వాళ్ళను అనే హక్కు నాకు లేదు. విదేశాల్లో 'దళిత్' అనేది ఒకే మాట, ఒకే జెండా. మా దగ్గర అదే మాట కింద 59 కులాలున్నాయి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం పుట్టినప్పటి నుంచి వర్గీకరణ కోసం, అంటే ఎస్సీ రిజర్వేషన్లను ఈ కులాల మధ్య గ్రూపులుగా పంచడం కోసం, ముప్పై ఏళ్ళు కొట్లాట నడిచింది. దాన్ని నడిపిన మంద కృష్ణ మా వరంగల్ మనిషే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనంలో ఆరుగురు వర్గీకరణ చెల్లుతుందన్నారు. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతం అమలవుతోంది. ఈ ముప్పై ఏళ్ళూ బయటి వేదికల మీద మాల, మాదిగ అనే మాటలు వినపడితే సార్లు గొంతు సవరించుకునేవారు. ఇంటి గొడవ బయట వద్దు అన్నట్టు. డర్బన్‌లో ప్రభుత్వం చెప్పింది కూడా అదే మాట కదా అని ఒకసారి మీటింగులో అనేశాను. తర్వాత రెండు మీటింగులకు నాకు పిలుపు రాలేదు.

మాదిగదాన్ని కాబట్టి మాలల మీద ఫిర్యాదు చేస్తున్నాననుకుంటారేమో. మా కిందకు కూడా చూస్తాను. చిన్నప్పుడు మా వాడకు డక్కలి వాళ్ళు వచ్చేవారు. మాదిగల పుట్టుక కథ, జాంబ పురాణం, పటం పరిచి చెప్పేది వాళ్ళే. మా కథ మాకు చెప్పే మనుషులు వాళ్ళు. కథ అయ్యాక మా అమ్మమ్మ వాళ్ళకు అన్నం వేపచెట్టు కింద పెట్టేది, గడప ఇవతలికి రానిచ్చేది కాదు. నీళ్ళు పై నుంచి పోసేది. ఊళ్ళో హోటల్లో మా తాతకు ఎట్లా పోసేవారో అట్లాగే. ఇప్పుడు గ్రూపు 1లో పదిహేను చిన్న కులాలున్నాయి, బుడగ జంగం, మాష్టి లాంటివి. హైదరాబాద్ మీటింగుల్లోనే నేను వాళ్ళను చూడలేదు, జెనీవా మాట దేవుడెరుగు. కాబట్టి నెట్‌వర్క్‌లో సీట్లు 'దళితులకు సగం' అని రాస్తే చాలదు. ఆ సగంలో నాలాంటి ఇంగ్లీషు వచ్చిన మాదిగ, ఇంగ్లీషు వచ్చిన మాల, ఇద్దరు ప్రొఫెసర్లు కూర్చుని సరిపెట్టేస్తాం. ఆడవాళ్ళకు ఇన్ని, పాకీపని చేసే కులాలకు ఇన్ని, ఒక్క గ్రాడ్యుయేట్ కూడా లేని కులాలకు ఇన్ని అని విడిగా రాయాలి. వర్గీకరణ కావాలని ముప్పై ఏళ్ళు కొట్లాడినవాళ్ళం, మన సొంత కమిటీలో వర్గీకరణ వద్దంటామా?

ఇంగ్లీషు గురించి రెండు ముక్కలు. మీటింగులు మన టైము రాత్రి తొమ్మిదిన్నరకు పెడతారు, అక్కడి వాళ్ళకు సౌకర్యం. ఒకసారి నాతోపాటు జనగామ వైపు నుంచి ఒక అక్క కూర్చుంది, ఫోన్‌ను టిఫిన్ డబ్బాకు ఆనించుకుని. గంటన్నర ఇంగ్లీషు నడిచింది. చివర్లో "మీ వాళ్ళకు రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పండి" అన్నారు నాతో. నేను మొదలుపెట్టేలోపు అక్క నిద్రపోయింది, పొద్దున ఐదింటికి లేచి పత్తి ఏరి వచ్చిన మనిషి. మినిట్స్‌లో 'తెలంగాణ ప్రతినిధి హాజరు, అభ్యంతరాలు లేవు' అని వచ్చింది.

ఇంతకీ ఊరి పేరు ఎందుకు చెప్పననే దగ్గరికి. జపాన్‌లో బురాకు అని ఒక సమూహం ఉంది. చర్మాల పని, చావు పని చేశారని వాళ్ళను తరతరాలు అంటరానివాళ్ళుగా చూశారు. మనిషిని చూస్తే తేడా తెలియదు, భాష ఒకటే, ముఖం ఒకటే. ఏ వాడవాడో తెలిస్తేనే తెలుస్తుంది. వాళ్ళు 1922లోనే సంఘం పెట్టుకుని కొట్లాడారు. 1975లో ఒక సంగతి బయటపడింది. బురాకు వాడల పేర్లు, చిరునామాలు అచ్చేసిన పుస్తకాలను కంపెనీలు చాటుగా కొనుక్కున్నాయి, ఉద్యోగానికి వచ్చినవాడు ఎక్కడివాడో సరిచూసుకోవడానికి. అప్పటి నుంచి వాడల పేర్లు బయటపెట్టకండని వాళ్ళ ఉద్యమం కోర్టుల దాకా పోయి కొట్లాడుతోంది. సమ్మక్క అడిగిందీ అదే. ఆమె జపాన్ పేరు విని ఉండదు.

విదేశంలో పెట్టిన ఫొటో విదేశంలోనే ఉంటుందని అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. మా కరీంనగర్, జగిత్యాల వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు, వరంగల్ వైపు వీధికొకరు అమెరికాలో ఉంటారు. అక్కడికి కులం కూడా పోయింది కాబట్టే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధించాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో అలాంటి బిల్లునే కాలిఫోర్నియా గవర్నర్ తిప్పికొట్టాడు. కొట్టినవాడి తమ్ముడు, కొట్టించుకున్నామె అన్న కొడుకు ఒకే నగరంలో ఉండవచ్చు. అక్కడ పడ్డ మాట ఇక్కడికి రావడానికి ఎంతసేపు?

నా మాటలకు ఎదురు మాటలు లేవని కాదు. గట్టివే ఉన్నాయి. ఊరి సంఘం తీర్మానం చేసేదాకా ఆగితే కేసు చల్లారిపోతుంది అంటారు. నిజం, మొదటి రెండు రోజుల్లో కలెక్టర్‌కు, ఎస్పీకి ఫోన్లు పోకపోతే ఎఫ్‌ఐఆరే ఉండదు. ఇంకోటి ఇంకా గట్టిది. ఊళ్ళో సంతకం ఎవరి భయంతో ఆగిపోతుంది? కొట్టినవాళ్ళ భయంతోనే. బాధితులకు ఆపే హక్కు ఇస్తే, ఆ హక్కును దొరలు వాళ్ళ చేయి పట్టుకుని వాడుకుంటారు. రాజీ కాగితాల మీద వేలిముద్రలు ఎట్లా పడతాయో తెలిసినవాళ్ళం, ఆపేసే కాగితం మీద అట్లాగే పడదని ఎట్లా అంటాం?

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సగం జవాబు ఉంది. ఒక మండలంలో బతుకమ్మ దగ్గర కులం పేరుతో కొట్టారు, ఇన్ని రోజులకు కేసు కట్టారు అని చెప్పడానికి ఎవరి సంతకం అక్కర్లేదు, ఆలస్యం కూడా అక్కర్లేదు. అది మనందరి విషయం. ముఖం, పేరు, ఊరు, ఆ మూడూ ఆమెవి. వాటిని ఆమె మీద ఒత్తిడితో దాయించవచ్చు, నిజమే. కానీ ఆ ఒత్తిడి ఎదురుకావలసింది మళ్ళీ ఊళ్ళోనే, బండేసుకుని అదే రాత్రి పోయే మనిషితోనే. ఆ మనిషి జీతం ఆపేసి, ఫొటో ధైర్యంగా వేస్తే లాభం ఎవరికి?

పోయిన నెల ఒక నెట్‌వర్క్ కొత్త నియమావళి ముసాయిదా నా దగ్గరికి అనువాదానికి వచ్చింది. ముప్పై పేజీలు దాటింది. పద్నాలుగో పేజీలో అదే మాట, బాధిత సమూహాలను సంప్రదిస్తారు. అక్కడ ఆగిపోయాను. సమ్మక్కకు ఫోన్ చేశాను, చాలా రోజుల తర్వాత. ఆమె మనవరాలికి నెల దాటిందట, నీళ్ళు పోస్తున్నానని తర్వాత చేయమంది. తర్వాత అరగంట మాట్లాడుకున్నాం, ఫొటో మాట చివర్లో ఐదు నిమిషాలే. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుని, కొంచెం సాపు చేసి, ముసాయిదాలో ఆ వాక్యం కొట్టేసి ఇది పెట్టాను:

ఫొటో, పేరు, ఊరు ఆ మనిషి సంతకం లేకుండా ఎక్కడా వేయకూడదు. సంతకానికి ముందు ఎక్కడ వేస్తారో, ఎవరెవరు చూస్తారో ఆమె భాషలో చెప్పాలి. సంతకం పెట్టాక కూడా ఆమె ఎప్పుడైనా వద్దనవచ్చు, కారణం అడగకూడదు. వద్దన్న రెండు రోజుల్లో తీసెయ్యాలి. తీసేశామని ఆమెకు ఫోన్ చేసి చెప్పాలి.

తెలుగులోనే పంపాను. దీని ఇంగ్లీషు ఎక్కడ అని మెయిల్ వచ్చింది. మీటింగు శనివారం, మన టైము పొద్దున పదకొండుకు పెట్టండి, తెలుగు వచ్చిన మనిషిని మీరే చూసుకోండి అని జవాబు రాశాను.